చేవెళ్లకు గాజు తీగ: కొత్త పోటీలో పాత కేబుళ్ల గతేమిటి?

చేవెళ్ల, (మా విలేఖరి): కరెంటు, మంచినీళ్లు, తారు రోడ్డు, బస్సు — ఒక ఊరు బాగుపడిందా లేదా అని చూడడానికి మన పెద్దలు లెక్కించిన వసతులు ఇవి. ఇప్పుడు ఆ వరుసలో ఇంటర్నెట్ కూడా చేరింది. పిల్లల హాల్ టికెట్టు, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్, భూమి రికార్డు, బ్యాంకు పని, కూరగాయల ధర, ఆఖరుకు గ్యాసు సిలిండరు కూడా ఆ తీగ వెంటే నడుస్తున్నాయి. సెల్‌ఫోనులో సిగ్నల్ వున్నంతసేపు అందరూ మహారాజులే. సిగ్నల్ పోయిన మరుక్షణం మీసేవ కేంద్రం ముందు క్యూ కదలదు.

హైదరాబాద్ నగరంలో ఎనిమిదేళ్లకు పైగా సాగుతున్న ఫైబర్ ఇంటర్నెట్ పోటీ ఔటర్ రింగు రోడ్డు దాటి పడమటి వైపు ఊళ్లకు చేరుతున్నది. నగరానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని మొయినాబాద్, సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని చేవెళ్ల ఈ దారిలోనే వున్నాయి. ఈ రెండూ 2025లో మున్సిపాలిటీలు అయ్యాయి. పోటీ వస్తే వేగం పెరుగుతుంది, ధర తగ్గుతుంది, ఇది నగరం నేర్పిన పాఠం. ఆ పోటీ రోడ్డు పక్కనున్న కాలనీల దగ్గరే ఆగిపోతుందా, లోపలి గ్రామాలకు కూడా వస్తుందా? ఇన్నాళ్లుగా ఇంటింటికీ టీవీ తీగ లాగిన స్థానిక కేబుల్ ఆపరేటర్లు నిలుస్తారా? ఇప్పుడు తేలవలసినవి ఈ రెండే.

నగరంలో జరిగిందేమిటి?

దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్‌ను 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ అందుబాటులోకి తెచ్చింది. అప్పట్లో టెలిఫోను తీగపైనే ఇంటర్నెట్. అది నడుస్తుంటే ఫోను మోగదు, ఫోను మాట్లాడితే ఇంటర్నెట్ ఆగిపోతుంది. తరువాత 2000 అక్టోబరు 1న ఏర్పడిన బి.ఎస్.ఎన్.ఎల్. అదే రాగి తీగపై బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చింది. మరోవైపు నగరంలోని కేబుల్ టీవీ ఆపరేటర్లు కూడా ఇంటర్నెట్ అమ్మడం మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో పుట్టిన బీమ్ టెలికాం గల్లీ గల్లీకీ తీగ లాగి, తరువాత ఏసీటీ సంస్థలో కలిసిపోయింది.

2017 మార్చిలో ఏసీటీ ఫైబర్‌నెట్ హైదరాబాద్‌లో సెకనుకు ఒక గిగాబిట్, అనగా 1,000 మెగాబిట్ల వేగంతో సర్వీసు ప్రారంభించింది. ధర నెలకు 5,999 రూపాయలు. అంత సొమ్ము పెట్టగలవారు కొద్దిమందే అయినా, దాని ప్రభావం మిగతా కంపెనీలపై పడింది. వేగం గురించి ఎవరూ అడగని రోజులు పోయి, ప్రతి గోడమీదా మెగాబిట్ల ప్రకటనలు వెలిశాయి.

అసలైన దెబ్బ 2019 సెప్టెంబరు 5న పడింది. ఆ రోజు జియో ఫైబర్ వ్యాపార ప్రాతిపదికన మొదలైంది. 699 రూపాయలకు 100 మెగాబిట్ల నుంచి 8,499 రూపాయలకు ఒక గిగాబిట్ వరకు పథకాలు ప్రకటించింది. ఏడాది తిరగకుండానే, 2020 సెప్టెంబరులో, 399 రూపాయలకు 30 మెగాబిట్ల పథకం తెచ్చింది. ఎయిర్‌టెల్, ఏసీటీ కూడా ధరలు, వేగాలు మార్చుకోక తప్పలేదు. బి.ఎస్.ఎన్.ఎల్. సైతం రాగి తీగ స్థానంలో భారత్ ఫైబర్ పేరిట గాజు తీగను ముందుకు తెచ్చింది.

ఈ కథకు రెండో వైపు కూడా వున్నది. 2018 అక్టోబరులో రిలయన్స్ సంస్థ హాత్‌వే, డెన్ అనే రెండు పెద్ద కేబుల్ కంపెనీలలో మెజారిటీ వాటా కొనడానికి ఒప్పందం చేసుకున్నది. పోటీ పెరిగిన చోటనే పెద్ద చేప చిన్న చేపను మింగడం కూడా మొదలైంది. వినియోగదారుకు మేలు జరిగిన మాట నిజమే. కాని పోటీదారులు ముగ్గురు నలుగురు మిగిలినంత కాలమే ఆ మేలు నిలుస్తుంది.

వెంట్రుక మందం గాజులో వెలుగు

ఈ గాజు తీగ గొప్పతనమేమిటో తెలుసుకోవడం అవసరం. రాగి తీగలో కరెంటు పారుతుంది. ఫైబర్‌లో వెలుగు పారుతుంది. ఒక్కొక్క గాజు పోగు మందం 125 మైక్రాన్లు, సుమారుగా తల వెంట్రుకంత. అందులో వెలుగు నడిచే నడిమి భాగం సుమారు 9 మైక్రాన్లు మాత్రమే. లేజరు దీపం సెకనులో కోట్లసార్లు వెలిగి ఆరుతూ అక్షరాలను, బొమ్మలను, మాటలను మోసుకుపోతుంది. గాజులో వెలుగు వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి చేవెళ్లకు రావడానికి దానికి రెప్పపాటులో వందో వంతు కూడా పట్టదు.

శుద్ధమైన గాజుతో ఈ పని సాధ్యమేనని చార్లెస్ కావ్ అనే శాస్త్రవేత్త 1966లో నిరూపించారు. 2009లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ ఈ రంగంలో తొలి పరిశోధకులలో ఒకరు.

రాగి తీగపై బ్రాడ్‌బ్యాండ్ టెలిఫోను ఎక్స్ఛేంజి నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు దాటితే నీరసించిపోతుంది. మంచి గాజు తీగలోనైతే పదిహేను కిలోమీటర్లు పోయిన తరువాత కూడా సగం వెలుగు మిగిలే వుంటుంది. ఇళ్లకు ఇచ్చే ఫైబర్‌ను సాధారణంగా 20 కిలోమీటర్ల వరకు తీసుకుపోవచ్చు. అంటే మండల కేంద్రంలో ఒక్క యంత్రం పెడితే చుట్టుపక్కల గ్రామాలకు అక్కడినుంచే అందించవచ్చు. గ్రామాలకు ఇంతకు మించిన సౌకర్యం లేదు.

ప్రకటనలోని వేగం వెనుక లెక్క కూడా తెలిసి వుండాలి. ఇప్పుడు వాడుకలో వున్న ఒక పద్ధతిలో ఒక పోగు సెకనుకు 2,488 మెగాబిట్లు మోస్తుంది. దాన్ని 32 ఇళ్లకు చీలుస్తారు. అందరూ ఒకేసారి పూర్తిగా వాడితే ఇంటికి సుమారు 78 మెగాబిట్లు వస్తాయి. 64 ఇళ్లకు చీలిస్తే 39 మాత్రమే. ఒకే కాలువ నీరు ఎన్ని మడులకు మళ్లిస్తే ఒక్కొక్క మడికి అంత తగ్గినట్లే ఇది. అందరూ ఒకేసారి తూము ఎత్తరు గనుక సాధారణంగా ఇబ్బంది వుండదు. కాని కంపెనీ పైనుంచి తెచ్చుకునే నీరే తక్కువైతే, రాత్రి ఎనిమిది గంటలకు ఇంటింటా టీవీ బొమ్మ ఆగిపోతుంది.

మరి టవరు చాలదా?

2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత సెల్‌ఫోను ఇంటర్నెట్ పల్లెలకు చవకగా అందింది. 2022 అక్టోబరు 1న 5జీ కూడా మొదలైంది. అయితే టవరు నుంచి వచ్చే తరంగాలను చుట్టూ వున్నవారంతా పంచుకోవాలి. ఆదివారంనాడు చిలుకూరు బాలాజీ ఆలయానికి జనం పోటెత్తినప్పుడు అక్కడి టవరుపై పడే భారం వేరుగా చెప్పనక్కరలేదు. పైగా ఆ టవరుకు కూడా వెనుకనుంచి గాజు తీగ రావలసిందే. తీగ లేని టవరు ఎంత కొత్తదైనా బావిలో నీరు లేని మోటారు వంటిది.

2020లో కరోనా కాలంలో పాఠశాలలు మూతబడి, సెప్టెంబరు నుంచి పాఠాలు టీవీలో, ఫోనులో సాగాయి. ఒక్క ఫోనుపై ఇద్దరు ముగ్గురు పిల్లలు చదవవలసిన ఇళ్లు ఎన్నో. నెల తిరగకుండా డేటా అయిపోతే చదువు ఆగిపోయేది. ఇంటికి ఒక తీగ వుంటే ఎంత తేడానో తల్లిదండ్రులు ఆనాడే గ్రహించారు.

కేబుల్ ఆపరేటర్ ఎటు పోవాలి?

మన ఊళ్లలో పెద్ద కంపెనీ రాకముందే తీగ లాగినవాడు కేబుల్ ఆపరేటర్. డిష్ పెట్టి, కాలినడకన స్తంభం స్తంభం తిరిగి, నెల నెలా ఇంటికి వచ్చి డబ్బు వసూలు చేసుకున్నవాడు. గాలివానకు తీగ తెగితే రాత్రిపూట నిచ్చెన వేసుకుని వచ్చేదీ ఆయనే. టీవీ కార్యక్రమాలు ఫోనులోకి మారుతున్న కొద్దీ ఆయన వ్యాపారం తరుగుతున్నది. ఇంటర్నెట్ కూడా అమ్మితే తప్ప నిలువలేని పరిస్థితి.

అయినా ఆయన చేతిలో రెండు బలాలున్నాయి. ఒకటి ప్రతి గడపతోనూ పరిచయం. రెండవది మరమ్మతుకు వెంటనే రాగలగడం. గాజు తీగ తెగితే రాగి తీగలా చేత్తో మెలివేసి అతికించడానికి వీలు లేదు. పోగు కొసలను శుభ్రంగా కోసి, యంత్రంలో పెట్టి, విద్యుత్ మెరుపుతో కరిగించి కలపాలి. ఆ యంత్రం, పని తెలిసిన మనిషి మండల కేంద్రంలో వుంటే గంటలో పని అవుతుంది. నగరం నుంచి రావలసి వస్తే రోజులు పడుతుంది. పెద్ద కంపెనీలైనా, ప్రభుత్వమైనా స్థానిక ఆపరేటర్లకు శిక్షణ ఇచ్చి, నిర్వహణ పని వారికే అప్పగిస్తే ఇద్దరికీ మేలు. ఊళ్లో చదువుకున్న యువకులకూ పని దొరుకుతుంది.

అయితే ఆపరేటర్లు కూడా మారాలి. ఊరంతటికీ తానొక్కడే దిక్కు అన్న ధీమాతో వేగం తగ్గించడం, రసీదు ఇవ్వకపోవడం, ఫోను ఎత్తకపోవడం ఇక చెల్లవు. ఇంటర్నెట్ అమ్మేవారికి లైసెన్సు వుండాలి, లేదా లైసెన్సు వున్న సంస్థతో ఒప్పందం వుండాలి.

స్తంభాలపై చిక్కుముళ్లు

పోటీ తెచ్చిన పెద్ద బెడద స్తంభాలపై చిక్కుముళ్లు. ఒకే కరెంటు స్తంభానికి ఐదారు కంపెనీల తీగలు, వాడుకలో లేని పాత తీగలు, ఉండలుగా చుట్టిన మిగులు తీగలు వేలాడడం నగరంలో మామూలైపోయింది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథయాత్ర సందర్భంగా విద్యుదాఘాతంతో ఐదుగురు మృత్యువాత పడ్డారు. ఆ విషాదం తరువాత విద్యుత్ పంపిణీ సంస్థ స్తంభాలపైనున్న కేబుళ్లను పెద్దఎత్తున తొలగించింది. నగరంలో అనేక ఇళ్లకు, కార్యాలయాలకు ఇంటర్నెట్ నిలిచిపోయింది. ఎయిర్‌టెల్ సంస్థ హైకోర్టును ఆశ్రయించవలసి వచ్చింది.

గాజులో కరెంటు పారదు గదా అని కొందరనుకుంటారు. గాజులో పారదు గాని, ఆ తీగను మోయడానికి తొడుగులో అమర్చిన ఉక్కు తీగలో పారుతుంది. అది తెగి కరెంటు తీగకు తగిలితే కింద నడిచే మనిషికి, గొడ్డుకు ప్రమాదం తప్పదు. గ్రామాలలో ఎడ్ల బండ్లు, వరి కోత యంత్రాలు, గడ్డి లోడు ట్రాక్టర్లు, బోనాల, వినాయకుని ఊరేగింపులు ఆ తీగల కిందుగానే పోతాయి. నగరం చేసిన తప్పు చేవెళ్లలో, మొయినాబాద్‌లో మళ్లీ జరగకుండా ఇప్పుడే జాగ్రత్త పడడం మంచిది.

లోపలి ఊళ్లకు ఎందుకు రాదు?

కంపెనీల లెక్క ఇళ్ల లెక్క. కిలోమీటరు తీగ వేయడానికి అయ్యే ఖర్చు అపార్టుమెంట్ల మధ్యనైతే రెండు వందల ఇళ్లపై పడుతుందనుకుందాం. అదే కిలోమీటరు పొలాల మధ్య పదిళ్ల తండాకు పోతే ఒక్కో ఇంటిపై భారం ఇరవై రెట్లు.

ఈ ప్రాంతానికి మరొక ప్రత్యేకత వున్నది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996 మార్చి 8న వెలువడిన 111 జీవో కింద 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు విధించారు. మొయినాబాద్ మండలంతో పాటు చేవెళ్ల ప్రాంతపు గ్రామాలు కొన్ని అందులో వున్నాయి. 2022 ఏప్రిల్‌లో 69 జీవో వచ్చేదాకా ఇక్కడ నగరపు అంచు మిగతా దిక్కులలో వలె కిక్కిరియలేదు. చెరువులు, పూలతోటలు, కూరగాయల మడులు మిగిలాయి. అది మన భాగ్యం. కాని ఇళ్లు దూరదూరంగా వున్నచోటికి తీగ లాగడానికి ప్రైవేటు కంపెనీ తొందరపడదు. ఫాంహౌస్‌లు, కళాశాలలు, రిసార్టులు వున్న రోడ్డు పక్కకు ముందు వస్తుంది. రైతు వాడకు ఆఖరున వస్తుంది, లేదా రానే రాదు.

ప్రభుత్వ తీగ ఎక్కడిదాకా?

ఇటువంటి చోట్లకే ప్రభుత్వ తీగ కావాలి. ప్రతి గ్రామ పంచాయతీకి ఫైబర్ వేయాలని కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబరులో నిర్ణయించింది. అదే తరువాత భారత్‌నెట్ అయింది. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో సవరించిన కార్యక్రమానికి ఆమోదం లభించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, నెలకు 149 రూపాయల ధరతో ఇంటింటికీ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ పథకాన్ని 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు.

తెలంగాణ మరో దారి పట్టింది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైన మిషన్ భగీరథ మంచినీటి పైపుల కోసం తవ్విన కందకాలలోనే ఫైబర్ గొట్టాలు కూడా వేయాలన్నది టీ-ఫైబర్ ఆలోచన. తవ్వకం ఖర్చే ఎక్కువ గనుక ఈ ఆలోచన తెలివైనది. తొలి ప్రయోగం మన రంగారెడ్డి జిల్లాలోనే, మహేశ్వరం మండల గ్రామాలలో జరిగింది. 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన గ్రామాలలో కూడా షాద్‌నగర్ వైపు వున్న హాజీపల్లి ఒకటి. మహేశ్వరానికి, హాజీపల్లికి వచ్చినది చేవెళ్ల, మొయినాబాద్ గ్రామాల ప్రతి గడపకు రావడానికి అభ్యంతరమేముండాలి?

ప్రభుత్వమే ఇంటర్నెట్ అమ్మితే చాలదు. తీగ ప్రభుత్వానిదై, దానిపై బి.ఎస్.ఎన్.ఎల్., ప్రైవేటు కంపెనీలు, స్థానిక ఆపరేటర్లు అందరూ అద్దె కట్టి సేవలు అమ్ముకునే వీలు కల్పించాలి. రోడ్డు ప్రభుత్వం వేస్తుంది, దానిపై ఎవరి బస్సు వారు నడుపుకుంటారు. తీగ విషయంలో కూడా ఇదే న్యాయం. అప్పుడు పదిళ్ల తండాలో కూడా ఇద్దరు ముగ్గురు అమ్మకందారులు నిలబడగలరు.

రోడ్డు తవ్వేటప్పుడే

అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల బీజాపూర్ జాతీయ రహదారి విస్తరణ ఈ ప్రాంత ప్రజల చిరకాల కోరిక. ఆ రోడ్డు వెంట వందలాది మర్రిచెట్లున్నాయి. వాటిని కాపాడాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వ్యాజ్యం నడిచింది. విస్తరణతోపాటే రోడ్డు పొడవునా ఒకే గొట్టాల వరుస వేసి, కంపెనీలన్నిటికీ అందులోనే చోటిస్తే మళ్లీ మళ్లీ తవ్వే అవసరం వుండదు. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్కసారి తవ్వితే రోడ్డు పాడవుతుంది, మిగిలిన మర్రిచెట్ల వేళ్లు కూడా తెగుతాయి.

తవ్వే జేసీబీ పాత కేబుళ్లను తెంచకుండా చూడడం కూడా ముఖ్యమే. తవ్వకానికి ముందు తెలియజేయడానికి కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో ఒక యాప్ తెచ్చింది. దానిని కాంట్రాక్టర్లు విధిగా వాడేటట్లు మున్సిపాలిటీలు, పంచాయతీలు షరతు పెట్టాలి. టెలికాం మార్గాల అనుమతులపై 2024లో రూపొందిన కొత్త నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం అనుమతి తీసుకుని వేసిన తీగ ఏది, అనుమతి లేనిది ఏది అన్న జాబితా ప్రతి మున్సిపల్ కార్యాలయంలో వుండడం అవసరం.

కనెక్షన్ తీసుకునేవారు అడగవలసినవి

ప్రకటన చూసి మోసపోకుండా వినియోగదారులు కొన్ని విషయాలు ముందే తేల్చుకోవాలి. చెప్పిన ధరలో పన్ను కలిసిందా? 399 రూపాయల పథకమైతే 18 శాతం జీఎస్టీ కింద 71 రూపాయల 82 పైసలు కలిపి 470 రూపాయల 82 పైసలు కట్టాలి. నెలకు ఎంత వాడకం దాటితే వేగం తగ్గిస్తారు? పెట్టె ఉచితమా, డిపాజిట్టా? మానుకుంటే డిపాజిట్టు తిరిగి వస్తుందా? తీగ తెగితే ఎన్ని గంటలలో బాగుచేస్తారు? ఈ జవాబులు కాగితంపై తీసుకోవాలి.

మెగాబిట్టుకు, మెగాబైటుకు తేడా కూడా గుర్తుంచుకోవాలి. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100 మెగాబిట్ల కనెక్షన్‌పై సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు మాత్రమే దిగుతాయి. 2023 జనవరి నుంచి కనీసం 2 మెగాబిట్ల వేగం వుంటేనే బ్రాడ్‌బ్యాండ్ అనాలని ప్రభుత్వం నిర్ణయించింది. అంతకు తక్కువ వస్తుంటే ఫిర్యాదు చేసే హక్కు వినియోగదారుకు వున్నది.

పల్లెవాసులకు మరొక ముఖ్యమైన మాట. పాత టెలిఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచే వచ్చేది. ఊళ్లో కరెంటు పోయినా ఫోను మోగేది. ఫైబర్ అలా కాదు. ఇంట్లోని పెట్టెకు కరెంటు కావాలి. కరెంటు పోతే ఇంటర్నెట్‌తోపాటు దానిపైనున్న ఫోను కూడా పోతుంది. చిన్న బ్యాటరీ ఒకటి పెట్టుకుంటే కొన్ని గంటలు నడుస్తుంది. పాముకాటు, కాన్పు వంటి ఆపద సమయాలకు సెల్‌ఫోను కూడా చార్జింగులో వుంచుకోవడం మంచిది.

శ్రద్ధ వహించాలి

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాలలో గ్రామ పాఠశాలలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, పంచాయతీ కార్యాలయాలు, మీసేవ కేంద్రాలకు ముందుగా ఫైబర్ ఇచ్చి, అక్కడినుంచి ఇళ్లకు విస్తరించడం సబబుగా వుంటుంది. ఏయే గ్రామానికి ఏ నెలలో తీగ వస్తుందో టీ-ఫైబర్ అధికారులు పంచాయతీ నోటీసు బోర్డుపై పెట్టాలి. వచ్చి మూలన పడిన పెట్టెలు వుంటే వాటిని పనిచేయించాలి. స్తంభాలపై ప్రమాదకరంగా వేలాడే తీగలను విద్యుత్ శాఖ, కేబుల్ ఆపరేటర్లు, కంపెనీలు కలిసి కూర్చుని, ముందుగా గడువు ఇచ్చి తొలగించాలి. ఒక్క రాత్రిలో కత్తిరించి వేలాది ఇళ్లను చీకట్లో పెట్టడం పరిష్కారం కాదు.

తెల్లవారుజామున పూలు, టమాటా నగరానికి పంపే రైతుకు ఆ రోజు ధర ముందే తెలిసినా, డిగ్రీ చదివిన అమ్మాయి నగరానికి పోకుండా ఇంటినుంచే ఉద్యోగం చేసుకున్నా అది ఈ తీగ వల్లనే సాధ్యం. రహదారి పనులు పూర్తయ్యేలోగా గొట్టాల విషయం తేల్చాలని, లోపలి గ్రామాలను మరచిపోరాదని ప్రజాప్రతినిధులు, జిల్లా అధికారులు గట్టిగా పట్టుబట్టవలసిన సమయం ఇదే. తారు వేసిన తరువాత మళ్లీ తవ్వడం ఎవరికీ మంచిది కాదు.